డాక్టరుకు చెప్పని పొట్లం

మా పాపకు ఆరేళ్లు. ఊళ్లో వేరుశనగ నూర్పిళ్లు వస్తే చాలు, ఆ దుమ్ముకు ఛాతీలో పిల్లికూతలు లేస్తాయి. అనంతపురంలో పిల్లల డాక్టరమ్మ ఆస్తమా అని చెప్పి రెండు ఇన్‌హేలర్లు, వాటికి తగిలించి పీల్చే గొట్టం, అదే స్పేసరు, రాశారు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు, రెండోది రోజూ. రోజూ పీల్చే దాంట్లో స్టెరాయిడ్ ఉంటుందని తెలిసి మా వారు దాన్ని బీరువా మీదికి ఎక్కించేశారు.

జూన్‌లో మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్లి, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో వరుసలో నిలబడి చేప మందు వేయించాం. కొర్రమీను పిల్లను మింగించడానికి పాపను ముగ్గురం పట్టుకోవాల్సి వచ్చింది. దసరా దాటాక మళ్లీ ఆయాసం. ఎవరో చెబితే పక్క మండలంలో ఒకాయన దగ్గర పొడి తెచ్చాం. కాగితంలో మడిచిన బూడిద రంగు పొడి, తేనెతో పూటకు చిటికెడు. నిజం చెప్పాలి, బ్రహ్మాండంగా పనిచేసింది. మూడో రోజుకే కూతలు మాయం. పాపకు ఆకలి పెరిగి బుగ్గలు నిండాయి. అత్తయ్య మురిసిపోయి దిష్టి తీశారు.

నాలుగు నెలల తర్వాత జలుబని వెళ్తే డాక్టరమ్మ ఛాతీ కన్నా ముందు పాప ముఖం చూశారు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అన్నారు. లేదండీ అన్నాను. అత్తయ్య పక్కనే ఉన్నారు మరి! "నాటు మందు, హోమియో, పసరు, ఏదైనా సరే. తిట్టను" అన్నారు ఆవిడ. మెట్లు దిగి మందుల షాపు దాకా వచ్చాను. కాళ్లు ముందుకు సాగలేదు. మళ్లీ పైకెక్కి, సంచిలోని పొట్లం తీసి బల్ల మీద పెట్టాను.

ఆవిడ పొడిని వేళ్ల మధ్య నలిపారు. "ఇందులో ఏముందో చూసి చెప్పలేను. ఇలాంటి పొడుల్లో కొన్నిసార్లు స్టెరాయిడ్ బిళ్లలు నూరి కలుపుతారు. ఈ బుగ్గలు చూస్తే నాకు అదే అనుమానం."

ఇన్‌హేలర్ వద్దన్నది ఆ స్టెరాయిడ్‌కు భయపడే కదా! ఈ రోజు నుంచే పొడి ఆపేస్తానన్నాను. మీ అంతట మీరు ఆపొద్దన్నారు. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందితే మూత్రపిండాల మీదుండే గ్రంథులు తమ పని మానేస్తాయట. ఒక్కసారిగా ఆపితే, అందులోనూ జ్వరం వస్తే, ప్రాణం మీదికి రావచ్చట. మర్నాడు ఉదయం 8 గంటలకు రక్తం తీసి, ఆ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ ఎంతుందో పరీక్ష చేయించారు. తక్కువగా వచ్చింది. పొడి మాన్పించి, దాని స్థానంలో కొలత తెలిసిన బిళ్ల ఇచ్చి వారాల మీద తగ్గించుకుంటూ వచ్చారు.

మా వారికి ఇన్‌హేలర్ లెక్క చీటీ వెనక రాసి చూపించారు. అందులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అదీ నేరుగా ఊపిరితిత్తులకు వెళ్తుంది. బిళ్లలో మిల్లీగ్రాములు. ఒక మిల్లీగ్రాము అంటే 1000 మైక్రోగ్రాములు. లెక్కల మనిషి కదా, ఆయన ఇక మాట్లాడలేదు.

అత్తయ్య ఊరుకుంటారా? "మరి తులసి రసం, తేనె?" అని నిలదీశారు. "ఇవ్వండమ్మా. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె నాకించొద్దు. ఇంట్లో సాంబ్రాణి పొగ, ఛాతీకి కర్పూరం పూయడం మానెయ్యండి" అన్నారు. సాంబ్రాణి దగ్గర అత్తయ్య ముఖం ముడుచుకుంది. ఇప్పుడు ధూపం పెరట్లో, అదీ పాప బడికి వెళ్లాకే.

బుగ్గలు తగ్గడానికి చాలా నెలలు పట్టింది. పిల్ల చిక్కిపోయిందని అత్తయ్య ఇప్పటికీ సణుగుతారు. సణుగుతూనే, ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించిందో లేదో ఆవిడే దగ్గరుండి చూస్తారు.