ఏసీతో గది చల్లబడింది, చెమ్మ పోలేదు: నా అనుభవం

నిన్న రాత్రి పడుకునే ముందు తేమ మీటరు చూశాను. 25 డిగ్రీలు, 54 శాతం. తెల్లారి లేచి మళ్లీ చూస్తే 53. ఏడు నెలల తర్వాత మొదటిసారి మా అత్తయ్య గదిలో బీరువా తలుపు తీస్తే ముక్కిన వాసన రాలేదు. ఆ సంతోషమూ, దానికి ముందు పడ్డ అవమానమూ ఇంకా పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

పాత ఏసీ పదమూడేళ్లు పనిచేసింది. ఆర్-22 గ్యాస్‌ది. గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టకు, అంటే కాయిల్‌కు, చిల్లులు పడ్డాయి. ఓజోన్ పొరకు చేటు చేస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద వాడకం తగ్గిస్తూ వచ్చిన గ్యాస్ అది, ఇక బాగుచేయించి లాభం లేదని తీసేశాం. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

కొనేటప్పుడే తప్పు జరిగింది. అత్తయ్య గది పన్నెండు అడుగులకు పది. పైన ఇంకో అంతస్తు ఉంది, కప్పు మీద ఎండ పడదు. 1 టన్ను సరిపోతుంది కదా అని అడిగాను. "పెద్దది తీసుకోండి మేడమ్, క్షణంలో చల్లబడుతుంది, మిషన్ మీద లోడ్ పడదు" అన్నాడు సేల్స్ కుర్రాడు. గది కొలతలు అడగలేదు. కిటికీలు ఎటు ఉన్నాయో, అందులో ఎంతమంది పడుకుంటారో అడగలేదు. గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ ఆడుతూ ఆగుతూ ఉండే మామూలు రకం, 2 టన్నులది అంటగట్టాడు. ఏసీ విషయంలో టన్ను అంటే మిషన్ బరువు కాదు. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి బయటికి లాగే శక్తి. గంటకు 12,000 బీటీయూలు (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం). ఆ చిన్న గదికి దానికి రెట్టింపు శక్తి తెచ్చి గోడకు తగిలించాం.

మొదటి వారం అందరం మెచ్చుకున్నాం. నిజంగానే ఐదారు నిమిషాల్లో గది చల్లబడేది. రెండో వారానికి దుప్పట్లు చల్లగా, తడితడిగా తగలడం మొదలైంది. నేల మీద కాలు పెడితే జిగట. నెల తిరిగేసరికి బీరువా వెనక గోడకు నల్లటి బూజు, లోపలి బట్టల మీద తెల్లటి మచ్చలు. అత్తయ్యకు రాత్రంతా దగ్గు. ఉక్కగా ఉందని ఇంకో రెండు డిగ్రీలు తగ్గిస్తే చలేసేది కానీ చెమ్మ పోయేది కాదు.

సర్వీసుకు ఫోన్ చేశాను. మొదట వచ్చినతను పది నిమిషాలు చూసి గ్యాస్ తక్కువైందన్నాడు. కొని మూడు నెలలే అయింది బాబూ, గ్యాస్ ఎక్కడికి పోయిందని అడిగాను. "వాడేకొద్దీ తగ్గుతుంది మేడమ్" అన్నాడు. ఇది చదివేవాళ్లు దయచేసి గుర్తుపెట్టుకోండి: ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు పట్టుకుని మూయకుండా ఊరికే గ్యాస్ ఎక్కించేవాడు మీ డబ్బు గాలిలోకి వదులుతున్నాడు. అతను లీకు వెతకలేదు, గ్యాస్ ఎక్కించి వెళ్లిపోయాడు. రెండోసారి వచ్చినతను నీళ్లతో కడిగి వెళ్లాడు. చెమ్మ అలాగే ఉంది.

మూడోసారి ఇద్దరు వచ్చారు, ఒకతను సూపర్‌వైజరట. గుమ్మంలోనే "సార్ లేరా?" అన్నాడు. ఫోన్ చేసింది నేనేనండీ, సమస్య నేను చెబుతాను అన్నాను. "టెక్నికల్ విషయాలు మేడమ్, సార్ ఉన్నప్పుడు మాట్లాడితే బాగుంటుంది" అన్నాడు. నేను పదిహేనేళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్నాను. మా ఆయనకు ఆ రిమోట్‌లో తేమ లాగే డ్రై మోడ్ ఎక్కడుందో కూడా తెలియదు. ఆ మాట గొంతుదాకా వచ్చింది, మింగేసి గదిలోకి తీసుకెళ్లాను.

థర్మామీటరు పెట్టి, "లోపల 22 ఉంది, కూలింగ్ పర్ఫెక్ట్" అన్నాడు. కూలింగ్ సంగతి కాదండీ, తేమ చూడండి అన్నాను. దాన్ని కొలిచే మీటరు అతని దగ్గర లేదు. అప్పుడు బీరువా దగ్గరికి వెళ్లి నన్ను అడగకుండానే తలుపు తీశాడు. అత్తయ్య మంచం మీద కూర్చుని ఉంది. మచ్చలు పడ్డ ఆమె బట్టలు ఒక్కొక్కటీ వేళ్లతో ఎత్తి ఫోన్‌లో ఫోటోలు తీశాడు. "తడి బట్టలే లోపల పెట్టేస్తున్నట్టున్నారు. ఇల్లు కాస్త శుభ్రంగా, గాలి ఆడేలా ఉంచుకుంటే ఇవేమీ రావు" అన్నాడు. రిపోర్టు మీద "కస్టమర్ వాడకంలో లోపం" అని రాసి సంతకం పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. పెట్టకపోతే ఫిర్యాదు మూసేస్తామన్నాడు.

వాళ్లు వెళ్లాక అత్తయ్య ఏమీ అనలేదు. ఆ వయసులో, ఆ దగ్గుతో, బట్టలన్నీ కింద పెట్టుకుని తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. నలభై ఏళ్లు ఆ ఇంటిని అద్దంలా ఉంచిన మనిషి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు తేమ మీటరు కొన్నాను. అరచేతిలో పట్టే చిన్న వస్తువు. ఏసీ కొనడానికి ముందే అందరూ కొనాల్సినది అదే. నాలుగు రాత్రులు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఐదు నిమిషాలకోసారి నోటుబుక్కులో రాశాను: ఉష్ణోగ్రత, తేమ శాతం, కంప్రెసర్ ఆడుతోందా ఆగిందా. నాలుగు రాత్రులూ ఒకటే కథ. కంప్రెసర్ ఆరు నిమిషాలు ఆడి పదకొండు నిమిషాలు ఆగుతోంది. గది 22 డిగ్రీలు, తేమ 82 శాతం. 60 దాటి రోజుల తరబడి ఉంటే బూజుకు ఇక అడ్డుండదు.

కారణం ఆ అంకెల్లోనే ఉంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది, 22 దగ్గర సుమారు 19 గ్రాములే. తేమ శాతం అంటే ఆ గరిష్ఠంలో ఎంత వంతు నిండిందో ఆ లెక్క, కాబట్టి నీటిని తగినంత లాగకుండా గాలిని మాత్రం చల్లబరిస్తే తేమ శాతం పెరుగుతుంది. నీటిని లాగేది చల్లటి కాయిల్. అది బాగా చల్లబడి, దాని మీద నీళ్లు చేరి, చుక్కలై ట్రేలోకి జారి, పైపులోంచి బయటికి పోవాలంటే కంప్రెసర్ కాసేపు ఆపకుండా ఆడాలి. మా పెద్ద మిషన్ గదిని ఆరు నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోయేది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉండి, కాయిల్ మీది తడిని మళ్లీ గదిలోకే ఊదేది. అంత శక్తి ఉండబట్టే ఆ గదికి పనికిరాలేదు.

అసలు ఏసీ పుట్టిందే తేమ కోసం. 1902లో బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కాగితం తేమకు సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడకపోతుంటే, గాలిలో తేమను అదుపు చేయడానికి విల్లిస్ కారియర్ ఆ ఏర్పాటును రూపొందించాడు. అలాంటి వ్యాపారంలో ఉంటూ తేమ మీటరు లేకుండా ఇంటికొచ్చి, ముసలావిడ బట్టలు ఎత్తి చూపించడం ఏ సర్వీసు?

నాలుగు రాత్రుల అంకెలకు గ్రాఫులు గీశాను. పిల్లలకు గ్రాఫు గీయడం నేర్పేదాన్ని, ఒక్క గీత వంకర పోలేదు. "వాడకంలో లోపం" ఏమిటో రాతపూర్వకంగా చెప్పండని కంపెనీకి ఉత్తరం పెట్టి, వాటి ఫొటోలు జతచేసి పంపాను. ఫోన్‌లో అరిచినన్నాళ్లూ కదలని వాళ్లు పది రోజుల్లో కదిలారు. కాగితానికి ఉన్న బలం అది. ఫోన్‌లో గొడవపడి టెన్షన్ పెంచుకోకండి, రాసి పంపండి.

ఈసారి ఒక పెద్దాయన ఒక్కరే వచ్చారు. కుర్చీలో కూర్చుని నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. తలెత్తి, "ఈ గదికి 2 టన్నులు ఎవరు చెప్పారమ్మా?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మీ పొరపాటేమీ లేదమ్మా అని అత్తయ్యతో కూడా ఆయనే చెప్పారు. కంపెనీ మాత్రం క్షమాపణ చెప్పలేదు. "కస్టమర్ కోరిక మేరకు" అని రాసుకుని ఆ మిషన్‌ను హాల్లోకి మార్చారు. హాలు పెద్దది, పడమటి ఎండ, అక్కడ అది సరిగ్గానే ఆడుతోంది.

అత్తయ్య గదికి ఇంకో చోట 1 టన్ను ఇన్వర్టర్ ఏసీ కొన్నాం, వేడి కూడా ఇచ్చే రకం. ఇన్వర్టర్ అయితే గది చల్లబడ్డాక ఆగిపోకుండా వేగం తగ్గించుకుని ఆడుతూనే ఉంటుంది. బిగించేరోజు నేను సెలవు పెట్టి దగ్గరే నిలబడ్డాను. పైపులు కలిపాక వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలీ చెమ్మా లాగేయాలి. కొందరు ఆ పంపు తేకుండా కాస్త గ్యాస్ వదిలి గాలిని తోసేస్తారు. లోపల చెమ్మ మిగిలితే నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసర్‌ను తినేస్తుంది. పంపు తేలేదంటే వెనక్కి పంపించి తెప్పించాను, రెండు గంటలు ఆలస్యమైంది. డ్రెయిన్ పైపు వాలు కూడా నీళ్లు పోసి చూశాకే వదిలాను.

చలికాలం సంగతి తక్కువే. ఇదివరకు గ్యాస్ హీటర్ పెట్టేవాళ్లం. పొగగొట్టం లేని ఆ హీటర్లో కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి గదిలోకే వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ భయం వేరే. తీసి పడేశాం. ఇప్పుడు ఇదే ఏసీ బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది, చలి మరీ ఎక్కువ లేనప్పుడు ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి దాకా ఇస్తుంది. తేమ ఉన్న చలిలో బయటి యూనిట్‌కు మంచు పడుతుంది, దాన్ని కరిగించుకోవడానికి కాసేపు లోపల వేడి ఆపి, బయట ఆవిరి కక్కుతుంది. పొగ అనుకుని మా ఆయన మెయిన్ ఆపేశాడు. ఆపనక్కర్లేదు.

ఫిల్టరు రెండు వారాలకోసారి నేనే కడుగుతున్నాను. ఫిల్టరు మూసుకుపోతే కాయిల్ మీద గాలి ఆడక మంచు కడుతుంది. డ్రెయిన్ పైపులో నాచు చేరకుండా నెలకోసారి నీళ్లు పోసి చూస్తున్నాను. పైపు చివర బకెట్ నీళ్లలో మునగకూడదు, మునిగితే నీళ్లు వెనక్కి నిలిచి గోడ మీదికి కారతాయి. ఫ్యాన్ వేగం తగ్గిస్తే తేమ ఎక్కువ లాగుతుంది, అందుకే రాత్రిళ్లు తక్కువలో పెడతాను.

ఈ గదిలో ఆ 2 టన్నుల మిషన్ ఆడినప్పుడు రాత్రికి బకెట్‌లో మూడు లీటర్లు పడేవి. ఈ రోజు పొద్దున కొలిస్తే నాలుగున్నర ఉన్నాయి. అత్తయ్య బట్టలన్నీ ఉతికి ఎండలో ఆరబెట్టి మళ్లీ బీరువాలో సర్దుకుంది. సూపర్‌వైజర్ రాసిన రిపోర్టు, నా సంతకం లేని కాగితం, నోటుబుక్కులోనే పెట్టి ఉంచాను.