పికప్‌కి డీజిల్ ఇంజిన్ ఎవరి దగ్గర కొనాలి: మాకు పట్టిన 16 నెలలు

మొదటి మీటింగులో అందరం టార్క్ (ఇంజిన్ తిప్పే బలం, బరువు లాగడానికి కావాల్సింది) గురించే మాట్లాడాం. నేనూ అంతే. మా చిన్న పికప్‌కి అప్పటిదాకా పెట్రోల్ ఇంజిన్ ఒక్కటే ఉండేది. ట్రైలర్ తగిలించుకుని తిరిగేవాళ్లు డీజిల్ అడుగుతున్నారని సేల్స్ వాళ్ల పోరు. సొంతంగా ఇంజిన్ తయారు చేసుకుందామా అంటే ఏళ్లు పడుతుంది, మేం అమ్మే బండ్ల లెక్కకి ఆ ఖర్చు ఎన్నటికీ తిరిగి రాదు. కొనాల్సిందే. కొన్న ఇంజిన్‌ని బండిలో కూర్చోబెట్టడం నా పని కాబట్టి సప్లయర్‌ని ఎంచే కమిటీలో నన్నూ వేశారు. ఇది 2016 మొదట్లో సంగతి.

కళ్లెదుట రెండు ఉదాహరణలున్నాయి. అమెరికా పికప్ రామ్ 1500కి 2014లో వచ్చిన 3.0 లీటర్ల వీ6 (వీ అక్షరంలా రెండు వరుసల్లో ఆరు సిలిండర్లు) డీజిల్‌ని, రామ్ ఉన్న గ్రూపులోనిదే అయిన ఇటలీ కంపెనీ వీఎం మోటొరి చేసింది. నిస్సాన్ పికప్ టైటాన్ ఎక్స్‌డీకి 5.0 లీటర్ల వీ8 ఇచ్చింది మాత్రం బయటి కంపెనీ కమిన్స్. మాకు ఇంట్లో ఇంజిన్ చేసేవాళ్లు లేరు కనుక రెండోదే మా దారి.

వడపోత అయ్యేసరికి ముగ్గురు మిగిలారు. మాలో మేం వాళ్లకి పేర్లు పెట్టుకున్నాం. లారీల ఇంజిన్లు చేసే అలవాటున్న నాలుగు సిలిండర్ల 'బరువాయన', కార్ల నుంచి వచ్చిన వీ6 'నాజూకాయన', అప్పుడే డ్రాయింగ్ బల్ల దిగిన వరుస ఆరు సిలిండర్ల 'కొత్తాయన'. కాగితం మీద నాజూకాయనదే పైచేయి. టార్క్ ఎక్కువ, బరువు తక్కువ, కొటేషన్ కూడా అందరికన్నా కింద.

డమ్మీ ఇంజిన్లు తెప్పించి బానెట్ కింద పెట్టి చూస్తే అసలు రంగులు బయటపడ్డాయి. వీ6 పొట్టిదే గానీ వెడల్పు. కుడి వైపు ఎగ్జాస్ట్ గొట్టం స్టీరింగ్ షాఫ్ట్‌ని దాదాపు ఒరుసుకుంటోంది. కొత్తాయన ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) నేరుగా ముందు డిఫరెన్షియల్ (ముందు చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) నెత్తిన కూర్చుంది. పైగా వాల్వులని సమయానికి తెరిపించే టైమింగ్ చెయిన్‌ని వెనక, గేర్‌బాక్స్ వైపు పెట్టారు. చెయిన్‌తో పనిపడితే గేర్‌బాక్స్ దించాలి. సర్వీసు విభాగం వాళ్లు ఆ బొమ్మ చూసి చిన్నగా నవ్వి ఊరుకున్నారు. బరువాయన పట్టాడు, కానీ ముందు ఇరుసు మీద భారం పెరిగింది. డీజిల్ సిలిండర్‌లో పీడనం 180 బార్ దాకా పోతుంది, దాన్ని తట్టుకోవడానికి బరువాయనలో ఇనుము బాగా వాడారు. బండి మోసే లోడులోంచే ఆ బరువు తీసెయ్యాలి.

పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గించడానికి చిమ్మే యూరియా ద్రావణం ట్యాంకు ముగ్గురికీ తలనొప్పే. అది 32.5 శాతం యూరియా, మిగతాది నీళ్లు. -11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ట్యాంకులో హీటర్ కావాలి, గడ్డకట్టినప్పుడు ఉబ్బడానికి చోటు కావాలి. ఆ చోటు కోసం స్టెప్నీని పక్కకి జరిపాం.

ఇంజిన్ల గుణం మాత్రం నడిపితేనే తెలిసింది. చాలామంది పికప్‌ని రోజంతా హైవే మీద తోలరు. నాలుగు కిలోమీటర్లు వెళ్లడం, ఆపడం, మళ్లీ తియ్యడం. మా పరీక్షా అలాగే పెట్టాం. డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, పేరుకున్న మసి కాలాలంటే 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి కోసం ఇంజిన్ ఆలస్యంగా ఇంకొంచెం డీజిల్ చిమ్ముతుంది. మసి పూర్తిగా కాలకముందే డ్రైవర్ తాళం తిప్పేస్తే, మళ్లీ మొదట్నుంచీ అదే తంతు. చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట ఆయిల్‌లోకి దిగుతుంది. మూడు వారాలకి నాజూకాయన డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గడం పోయి, పెరిగింది! మెకానిక్ వేళ్ల మధ్య రుద్ది వాసన చూసి, "ఇది ఆయిల్ కాదండీ, సగం డీజిలే" అన్నాడు. ల్యాబ్ రిపోర్టు ఆ తర్వాత వచ్చింది.

సరే, క్యాలిబ్రేషన్ (డీజిల్ ఎప్పుడు, ఎంత చిమ్మాలో చెప్పే సెట్టింగులు) మారిస్తే తగ్గుతుంది కదా అన్నాం. పేచీ అంతా అక్కడ మొదలైంది. ఈసీయూలోని (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లోని) క్యాలిబ్రేషన్ మా సొత్తు, మార్పు కావాలంటే అడగండి, మేం చేసిస్తాం, లోపల ఏముందో చూపించం అన్నారు నాజూకాయన మనుషులు. 2015 సెప్టెంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ కాలుష్య పరీక్షలని సాఫ్ట్‌వేర్‌తో మోసం చేసిన వ్యవహారం బయటపడి ఉండకపోతే మేమూ తలూపేవాళ్లమేమో. మా లీగల్ విభాగం మాత్రం అప్పటికే బాగా బెదిరి ఉంది. కాలుష్య నియంత్రణని ఏ పరిస్థితిలోనైనా తగ్గించే ప్రతి సాఫ్ట్‌వేర్ అంశాన్నీ రాసి సంతకం పెట్టి ఇమ్మన్నారు. బరువాయన వాళ్లు ఆరు వారాలు తీసుకుని మందపాటి ఫైలు పంపారు. నాజూకాయన వాళ్లు రెండు పేజీల ఉత్తరం పంపారు.

ఇక్కడ నాకు కొత్తగా తెలిసిన విషయం ఒకటుంది. పెద్ద లారీల్లో ఇంజిన్‌ని విడిగా పరీక్షించి సర్టిఫై చేస్తారు. చిన్న పికప్‌ల్లో బండి మొత్తాన్నీ రోలర్ల మీద నడిపి కొలుస్తారు. అంటే సర్టిఫికెట్ బండి అమ్మేవాడి పేరు మీద ఉంటుంది. ఇంజిన్ ఎవరిదైనా, రేపు తలుపు తట్టేది మమ్మల్నే. మేం బేరాల్లో ఉండగానే, 2017 జనవరిలో, అమెరికా పర్యావరణ సంస్థ రామ్ 1500, అదే గ్రూపు జీప్ గ్రాండ్ చెరొకీ డీజిళ్లలో ప్రకటించని సాఫ్ట్‌వేర్ అంశాలు కనీసం 8 ఉన్నాయని ఆరోపిస్తూ నోటీసిచ్చింది. అది వెళ్లింది బండ్ల కంపెనీ పేరు మీదే. మరుసటి మీటింగులో టార్క్ ఊసే రాలేదు.

ఫ్యాక్టరీ సందర్శనల గురించి ఒక్క మాట. అసెంబ్లీ లైన్ ఎక్కడైనా మెరుస్తూనే ఉంటుంది, అది చూసి లాభం లేదు. వాపసొచ్చిన ఇంజిన్లని విప్పే గది చూపించమన్నాను. బరువాయన దగ్గర వెంటనే తీసుకెళ్లారు. బల్ల మీద పగిలిన పిస్టన్, పక్కన ఎందుకు పగిలిందో రాసిన చీటీ. నాజూకాయన దగ్గర అనుమతి కావాలన్నారు. ఆ అనుమతి ఇప్పటికీ రాలేదు.

చివరికి బరువాయననే తీసుకున్నాం. తక్కువ టార్క్, ఎక్కువ ధర, ముందు స్ప్రింగులన్నీ మార్చుకోవాలి. మా కొనుగోలు విభాగం పెద్దాయన నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఏటా కనీసం ఇన్ని ఇంజిన్లు తీసుకుంటామని రాసివ్వాల్సి రావడం ఆయనకి మింగుడుపడలేదు. ఆ విషయంలో ఆయన భయం అబద్ధం కాదు. ఫోర్డ్ ఎఫ్-150లో 2018లో పెట్టిన 3.0 లీటర్ల డీజిల్ 2021లోనే ఆగిపోయింది.

ఒప్పందంలో ఎక్కువ రోజులు తిన్నది వారంటీ. డీజిల్‌ని ఎక్కువ ఒత్తిడితో ఇంజిన్‌కి పంపే హై ప్రెషర్ పంపు పోయిందనుకోండి. ఇంజిన్ వాళ్లు డీజిల్ బాలేదంటారు, పంపు వాళ్లు బిగింపు తప్పంటారు, ఇద్దరూ కలిసి మా ఫ్యూయల్ పైపులో నలుసుందంటారు. తిలాపాపం తలా పిడికెడు. పంపుకి లోపల కందెన డీజిలే. దాని జారుడుతనాన్ని, పరీక్షలో లోహం మీద పడే అరుగుదల మచ్చతో కొలుస్తారు. యూరప్ ప్రమాణంలో ఆ మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు, అమెరికాలో 520 దాకా ఒప్పుకుంటారు. పంపుని దేనికి తట్టుకునేలా చేశారో ముందే రాయించుకున్నాం. బండి వాపసొస్తే పంపు విప్పకముందే ట్యాంకులోంచి నమూనా తియ్యాలి, విప్పేటప్పుడు మూడు కంపెనీల మనుషులూ ఉండాలి అని కూడా.

మొదటి ఇంజిన్ పెట్టెలో వచ్చిన రోజు అందరం షాపులోకి పరిగెత్తాం. దించాం, బిగించాం, స్టార్ట్ చేశాం, ఒక్క తిప్పుకే అందుకుంది. ఆయిల్ చూద్దామని డిప్‌స్టిక్ లాగితే సగంలో బానెట్ గడియకి తగిలి ఆగిపోయింది. ఎవరి కొలత తప్పో తేల్చడానికి రెండు రోజులు పట్టింది. నాదే.