ఆకాశంలో మంచం

తిరుపతి నుంచి చెన్నై విమానాశ్రయానికి పుత్తూరు మీదుగా దాదాపు 140 కిలోమీటర్లు. ఆ కాస్త దూరానికే అమ్మకు నడుము పట్టేసింది. లండన్‌లోని చెల్లెలి ఇంటికి పది గంటలకు పైగా కూర్చుని ప్రయాణించడం ఆమె వల్ల కాదని, ఏళ్ల తరబడి కూడబెట్టిన విమాన ప్రయాణ పాయింట్లన్నీ ఖర్చుచేసి ఇద్దరికీ బిజినెస్ క్లాసు టికెట్లు తీసుకున్నాను.

మీట నొక్కగానే కుర్చీ మెల్లగా ముందుకు జారి, ఎదుటి కాళ్లపీటతో కలిసి మంచమైంది. "ఇంత డబ్బూ పడుకోవడానికేనా నాయనా?" అని అమ్మ అడిగింది. నిజానికి అంతే, మిగిలినవన్నీ హంగులు. నా కుర్చీ మాత్రం సగంలో బిగుసుకుపోగా, సిబ్బంది మోకాళ్లపై కూర్చుని చేత్తో లాగి సరిచేశారు.

తెల్లగుడ్డ పరచి పింగాణీ పళ్లెంలో వడ్డించిన పప్పు చప్పగా అనిపించింది. తప్పు వంటవాడిది కాకపోవచ్చు. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలి గాలి పీడనాన్ని సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉండే స్థాయిలో ఉంచుతారు; పైగా తేమ 20 శాతం కంటే తక్కువ కావడంతో ముక్కు ఎండిపోయి ఉప్పు, తీపి సరిగా తెలియవు. పులుపు, కారం మాత్రం అంతగా తగ్గవు. అందుకే కాబోలు, అమ్మ సంచిలోంచి తీసిన పులిహోర ఇంట్లో తిన్నట్టే ఉంది. పొట్లం విప్పగానే ఇంగువ వాసనకు పక్కసీటు పెద్దాయన కళ్లు తెరిచారు. అమ్మ ఆయనకూ రెండు చెంచాలు పెట్టింది.