మా ఊరే ఒక అలక వల్ల పుట్టింది

మా వాడికి ఏడేళ్లు. ఇంగ్లండ్‌లో ఇయర్ టూ అయిపోయి ఆరు వారాలు సెలవులిస్తే అందులో నాలుగు వారాలు తిరుపతిలో మా అమ్మ దగ్గరే ఉన్నాం, బైరాగిపట్టెడలో. పోయిన మూడో రోజే గొడవ. మా అన్న పిల్లలతో క్యారమ్స్ ఆడుతూ "నాకు ఇవ్వు" అనబోయి "నేను ఇవ్వు" అన్నాడు, పిల్లలు నవ్వారు, నవ్వి ఊరుకోకుండా వాడు అన్నట్టే యాస పెట్టి మళ్లీ మళ్లీ అన్నారు, వీడు బోర్డు ఎత్తేశాడు. కాయిన్లు హాలంతా చెల్లాచెదురు, ఒకటి పోయి మా మామ మోకాలికి తగిలింది.

నేనేం చేశానంటే, అంతమంది ముందు "ఇప్పుడే సారీ చెప్పు" అని అరిచాను. నిజానికి ఆ అరుపు వాడి కోసం కాదు, పిల్లోడిని సరిగ్గా పెంచలేదని ఎక్కడ అనుకుంటారో అని చుట్టూ ఉన్నవాళ్ల కోసం. వాడు లోపల మంచం పక్కన నక్కి "ఐ యామ్ ఇన్ ద రెడ్ జోన్" అని ఏడుస్తా ఉన్నాడు.

వాళ్ల స్కూల్లో జోన్స్ ఆఫ్ రెగ్యులేషన్ అని ఒకటి నేర్పిస్తారు, లియా కైపర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ తయారుచేసింది. నీలం అంటే దిగులు, అలసట, పచ్చ అంటే మనసు నిమ్మళంగా ఉండటం, పసుపు అంటే కంగారు, ఆత్రం, ఎరుపు అంటే చెయ్యి దాటిపోయిన కోపం. ఏ రంగూ చెడ్డది కాదు, ఏ రంగులో ఉన్నావో తెలుసుకో, దాన్నించి ఎట్లా బయటపడాలో నేర్చుకో అంటారు. నాకు ఆ పద్ధతి మీద గౌరవం ఉంది, నా చిన్నప్పుడు ఇట్లా నన్నెవరూ అడగలేదు.

రెడ్ జోన్ అంటే ఏందే అని అమ్మ అడిగితే కోపం అని చెప్పాను. అమ్మ ఒప్పుకోలేదు. "కోపం కాదు లేవే, అది ఉక్రోషం. వాడి మాటని ఎక్కిరిస్తే తిరిగి అనేదానికి వాడికి మాట రాలే, అందుకే బోర్డు ఎత్తేసినాడు. ఇప్పుడేమో నువ్వు అందరి ముందర అరిచినావని అలిగినాడు. నువ్వు గమ్మునుండు, నేను చూసుకుంటా."

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఉక్రోషం, అలక, బెంగ, దిగులు, బిడియం, ఉడుకుమోత్తనం, ఇవన్నీ నేను పుట్టినప్పటినుంచి వింటున్న మాటలే, వాడికి మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. తెలుగు నేర్పిస్తున్నాం అనుకుంటూ రంగులు, అంకెలు, కూరగాయల పేర్లు నేర్పించాం, ఏడుపొస్తే మాత్రం "వాట్ హ్యాపెన్డ్, ఆర్ యూ ఓకే" అని ఇంగ్లీషులోకి పోతాం. అవతల వాళ్లమీద ప్రేమ ఉంటేనే అలక వస్తుంది, ఎవరో ఒకరు వచ్చి బుజ్జగిస్తారనే నమ్మకం ఉంటేనే అలుగుతారు. ఒకసారి వాళ్ల టీచర్ కూడా వీడు సల్క్ చేస్తాడు, అంటే మూతి ముడుచుకుని కూర్చుంటాడు అంది, ఆ మాటలో తప్పు మొత్తం పిల్లోడిదే అన్నట్టు ఉంటుంది.

అమ్మ ఒక గిన్నెలో బొరుగులు, పప్పులు కలిపి తెచ్చి వాడికి అందేంత దూరంలో పెట్టింది, తినమని కూడా అనలేదు. పక్కనే కింద కూర్చుని ఆకుకూర వలుచుకుంటా ఉంది. ఇరవై నిమిషాలు ఒక్క మాట లేదు, నాకైతే తలుపు దగ్గర కాళ్లు నిలవలేదు. బొరుగులు నములుతున్న చప్పుడు వినపడినాక కథ మొదలుపెట్టింది. భృగు మహర్షి వచ్చి స్వామి గుండెల మీద తన్నడం, స్వామి ఆయన్ని ఏమీ అనకపోగా కాళ్లు పట్టడం, తనుండే చోట తన్నినా ఊరుకున్నాడని అమ్మవారు అలిగి కొల్హాపురం వెళ్లిపోవడం, స్వామి ఆమెని వెతుక్కుంటూ ఈ కొండకి రావడం. "ఆయమ్మ అలగకపోయుంటే మన తిరుపతి యాడిది నాయినా." తిరుమలలో వైకుంఠ ఏకాదశి అయినాక ప్రణయ కలహోత్సవం కూడా చేస్తారని చెప్పింది, అమ్మవార్ల తరఫున స్వామి మీదకి పూలబంతులు విసురుతారని. వాడు కళ్లు పెద్దవి చేసి, దేవుడి మీద విసరొచ్చా అన్నాడు. "పూలబంతులు విసరచ్చు, క్యారమ్ కాయలు విసరకూడదు."

తర్వాత వాడే అడిగాడు, సారీ ఎవరు చెప్తారు అని. "కాయ ఎవురికి తగిలిందో వాళ్లకి నువ్వు చెప్పాల. నిన్ను ఎక్కిరించినోళ్లు నీకు చెప్పాల. అందరి ముందర అరిచినందుకు మీ అమ్మ కూడా చెప్పాల." నేను చెప్పాను. వాడు పోయి కాయిన్లు ఏరాడు, 19 ఉండాలి, 18 దొరికాయి, ఎర్రది ఫ్రిజ్ కింద. అది తీసి మా మామ చేతిలో పెట్టి సారీ చెప్పాడు, ఈసారి ఎవరూ చెప్పమనలేదు. అమ్మ ఆ పిల్లల్ని కూడా పిలిచి "ఇంగ్లీషులో మీకు రాని మాట వాడు ఎక్కిరిస్తే ఎట్లుంటాది" అని ఒక్కటే అడిగింది.

అమ్మ చేసేవన్నీ నాకు నచ్చుతాయని కాదు. అన్నం తినకపోతే పోలీసోడు పట్టుకుపోతాడని అంటుంది, మగపిల్లోడు ఏడస్తాడా అని మా మామ అంటే అడ్డు చెప్పదు, ఈ రెండూ వద్దని నేను గట్టిగానే చెప్పాను. కానీ మెచ్చుకోవడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకోవాలి. నేను రోజుకి పదిసార్లు గుడ్ బాయ్ అంటాను, ఇంట్లో ఫ్రిజ్ మీద స్టిక్కర్ చార్ట్ కూడా ఉంది, చివరికి ఏ పని చెప్పినా ఎన్ని స్టిక్కర్లు అని అడిగే దాకా వచ్చింది. అమ్మయితే "నీళ్ల క్యాన్ మెట్లు ఎక్కించేటప్పుడు ఒక పక్క పట్టుకున్నావే, నా నడుముకి ఎంత సుఖమైందో" అంటుంది, అంతే, మరుసటి రోజు నీళ్లాయన బండి చప్పుడు వినపడగానే వీడు కిందికి పరుగు. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో తెలివిని మెచ్చుకున్న పిల్లలు కష్టమైన పజిల్స్ రాగానే డీలా పడ్డారు, పడిన కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు వదలకుండా ప్రయత్నించారు. నేను అది చదివి కూడా గుడ్ బాయ్ దగ్గరే ఉండిపోయాను.

ఒక మాట మాత్రం చెప్పాలి, ప్రతిదీ అలకే అనుకోకండి. నిద్ర, తిండి చెడి, స్కూలంటే భయంతో వారాల తరబడి పిల్లోడు ముడుచుకుపోతుంటే బుజ్జగింపులు చాలవు, ఇక్కడ ఇంగ్లండ్‌లో అయితే జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి పోండి, మన దగ్గరైతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

తిరిగొచ్చి నెల దాటింది. మొన్న ఆఫీసు కాల్ ఒకటి చెడిపోయి నేను రూమ్ తలుపేసుకుని కూర్చున్నా, వంట కూడా మొదలుపెట్టలేదు. బయట చిన్న చప్పుడైతే తలుపు తీశాను, కింద గిన్నెలో బొరుగులు, అవ్వ సంచిలో పెట్టి పంపినవే. వాడు కాస్త దూరంలో నేలమీద కూర్చుని లెగో సర్దుకుంటున్నాడు, తల కూడా ఎత్తలేదు.