అది శిక్ష పడాల్సిన తప్పా?

చిన్నది కంప్యూటర్ తెర మీద కొత్త బొమ్మ పెట్టింది. పొద్దున చూస్తే మంచు మైదానం, వెనకాల ఆల్ప్స్ కొండలు, వాటి కొనల మీద సాయంత్రపు ఎండ. బాగుందే అనుకున్నాను. కాసేపటికి ముందున్న మోడు చెట్టు మీదికి చూపు వెళ్ళింది. దాని కొమ్మకి ఒక ఆడమనిషి జుట్టు చిక్కుకుని ఉంది. ఒళ్ళు వెనక్కి వంగిపోయింది. రొమ్ము దగ్గర పసిబిడ్డ తల. ఇక రోజంతా మనసు అదోలా అయిపోయింది.

ఇటలీ చిత్రకారుడు జొవానీ సెగంతీనీ 1894లో వేశాడు. అసలు చిత్రం వియన్నాలో, బెల్వెడేర్ మ్యూజియంలో ఉంది. పేరు 'చెడ్డ తల్లులు'. తల్లి కావడానికి ఒప్పుకోని ఆడవాళ్ళకి ఆ మంచులో శిక్షట, బిడ్డ వచ్చి పాలు తాగితే విముక్తట. పైగా దీనికి ఆధారం, భారతీయ గ్రంథం తరహాలో ఇటలీ రచయిత లుయిజీ ఇల్లికా రాసిన 'నిర్వాణ' అనే కవిత. ఎక్కడో ఐరోపాలో కూర్చుని ఆడవాళ్ళకి శిక్ష వేయడానికి మన దేశం పేరు దేనికి? ఇది చదివాక ఒళ్ళు మండింది.

అంటాను గానీ, మనం మాత్రం తక్కువ తిన్నామా? అక్క సీమంతానికి గాజులన్నీ పెద్దత్తయ్యే తెచ్చింది. ఆకుపచ్చవి, ఎర్రవి, ఎవరి చేతికి ఏ సైజో ఆవిడకి నోటికి తెలుసు. మమ్మల్నందర్నీ ఎత్తుకు పెంచిన మనిషి. గాజులు తొడిగే వేళకి అమ్మ వచ్చి, "వదినా, పాయసం అడుగంటకుండా మీరు కాస్త లోపల చూడండి" అంది. పెద్దత్తయ్య మారుమాట్లాడకుండా లేచి వెళ్ళింది. అప్పటికే పొయ్యి ఆర్పేశారు, పాయసం దించేశారు. ఆ సంగతి అమ్మకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఇన్నేళ్ళయినా అమ్మని ఆ మాట అడగలేకపోయాను.

సెగంతీనీకి ఏడేళ్ళప్పుడే తల్లి పోయింది. తండ్రి తీసుకెళ్ళి మిలాన్‌లో సవతి అక్క దగ్గర వదిలేశాడు. ఇది తెలిశాక కోపం కొంచెం తగ్గింది. అమ్మ కోసం ఏడ్చిన పిల్లాడు కదా, బిడ్డని వద్దన్న తల్లి అతనికి అలా కనిపించిందేమో. లేదు, అలా సరిపెట్టుకోలేను. వాళ్ళమ్మ అతన్ని వద్దనుకోలేదు, చనిపోయింది. దానికి మిగతా ఆడవాళ్ళేం చేశారు?

ఆ కొండలు మాత్రం అద్భుతం. రంగుల్ని ముందే కలిపెయ్యకుండా దారపు పోగుల్లా పక్కపక్కనే గీస్తాడు. దూరం నుంచి చూస్తే మంచు మీద వెలుతురు నిజంగా కదులుతుంది. చలిలో, కొండల మీదే కూర్చుని వేసేవాడట. 1899లో స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌బెర్గ్ కొండ మీద పని చేస్తూనే జబ్బుపడి పోయాడు, 41 ఏళ్ళకి. అప్పుడు వేస్తున్నది మూడు పెద్ద చిత్రాల్లో మధ్యది, 'ప్రకృతి'. మిగతావి 'జీవితం', 'మరణం'. మూడూ సెయింట్ మోరిట్జ్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉన్నాయి. 'జీవితం'లోనూ చెట్టు మొదట్లో ఒక తల్లీబిడ్డా ఉన్నారు. ఆ తల్లిని ఎవరూ చెడ్డదనలేదు, మంచిదని మెచ్చుకోనూ లేదు. రేపు చిన్నదానికి ఆ మూడూ చూపించాలి. పెద్దత్తయ్య సంగతి కూడా చెప్పాలి, అమ్మ పక్కనే ఉన్నా సరే.