ఆరని గుడ్డలు

బెంగళూరు, మున్నెకొళాల
అక్టోబరు 19, 2025, ఆదివారం

పొద్దున కొత్తిమీర కోసం కింద అంగడికి వెళ్లాను. రాత్రి వాన నీళ్లు రోడ్డు మీద ఇంకా నిలిచే ఉన్నాయి. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి అప్పటికే అక్కడుంది, చంకలో తొమ్మిది నెలల బాబు. షాంపూ పాకెట్ల పక్కన సరంలా వేలాడుతున్న డైపర్లలోంచి ఒక్కటి తెంపించుకుని, 12 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చింది. నన్ను చూడగానే దాన్ని కొంగు చాటుకు లాక్కుంది.

"ఒక్కటేనా తీసుకున్నావు?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"రోజుకు ఒకటే అక్కా. పనికొచ్చేటప్పుడు ఏస్తా, మళ్లా ఇంటికి పోయినాకనే తీసేది."

పొద్దున ఏడింటికి వస్తే మూడిళ్లు ముగించుకుని వెళ్లేసరికి ఒంటిగంట. ఆరు గంటలు ఒక్క డైపర్‌తోనే.

రెండు నెలల కిందట ఆమెకు నేనే సలహా ఇచ్చాను. పాత నూలు చీర చింపి లంగోటీలు కట్టు, మా అమ్మ మమ్మల్ని అలాగే పెంచింది, డబ్బులెందుకు దండగ అని. ఆమె తలూపి ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో ఇవాళ తెలిసింది.

చినుకులు పడుతుంటే నా గొడుగులో ఇద్దరం ఆమె షెడ్డు దాకా వెళ్లాం. ఇన్నేళ్లుగా ఈ పక్క వీధిలోనే ఉంటూ ఆ రేకుల షెడ్లలోకి వెళ్లడం నాకు ఇదే మొదటిసారి. లోపల రేకు కింద ఈ మూల నుంచి ఆ మూలకు తాడు, దాని మీద వరసగా చీర ముక్కలు. ఉతికి మూడు రోజులైందట. ఒకటి పట్టుకుని చూశాను. చల్లగా, జిగటగా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిన వాసన. ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తుంది, ఇంటికి రెండు డ్రమ్ములు. అందులోనే వంట, స్నానాలు, అంట్లు. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోతే మా అపార్ట్‌మెంట్లో వాళ్లమే ట్యాంకర్ కోసం కాచుకుని కూర్చున్నాం. వీళ్లకు ఏడాదంతా అదే.

మా అమ్మకు పెరడు ఉండేది, బావి ఉండేది, ఎండ ఉండేది, ఉతికి ఆరేయడానికి మా అమ్మమ్మ ఉండేది. గుడ్డలు చవకన్నది అవన్నీ ఉన్న ఇంటికే.

ఆమెది కదిరి పక్క పల్లె, మొగుడిది సెంట్రింగ్ పని. మామూలు రోజుల్లో బాబును పక్క షెడ్డు అవ్వ చూసుకుంటుంది. అవ్వ షరతు ఒకటే: డైపర్ వేసి ఇవ్వాలి, తడిగుడ్డలు మార్చుకుంటూ కూర్చునే ఓపిక తనకు లేదు. అవ్వను తప్పు పట్టలేను, మోకాళ్లు వంగని మనిషి. అంటే ఆ 12 రూపాయలు లేని రోజు ఈమెకు పని కూడా లేనట్టే.

బాబును చాప మీద పడుకోబెట్టి డైపర్ విప్పింది. తొడల మధ్య ఒరుసుకుపోయి ఎర్రగా కందిపోయింది. కొబ్బరినూనె రాస్తూ, విప్పినదాన్ని రెండు వేళ్లతో నొక్కి చూసి, "ఇంకా పడ్తాదిలే అక్కా" అని పక్కన పెట్టింది. మళ్లీ వేయడానికే. నాకు మాట రాలేదు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. రోజుకు ఐదు వాడినా 60 రూపాయలు, నెలకు 1,800. మూడిళ్ల జీతం కలిపితే ఆమెకు వచ్చేది 9,000. అయిదో వంతు డైపర్లకే పోతుంది. అదే నేను మా అమ్మాయికి పెద్ద పాకెట్ కొన్న రోజుల్లో ఒక్కోటి తొమ్మిది రూపాయలకే పడేది. ఒకేసారి ఆరేడు వందలు పెట్టలేని వాళ్లే ఎక్కువ కడుతున్నారు. మొన్న సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, మంచిదే. కానీ విడిగా ఒక్కటి కొనే ఆమెకు ధరలో తేడా ఏమీ కనిపించలేదట.

మధ్యాహ్నం డాలస్ నుంచి చెల్లి ఫోన్ చేస్తే ఇదే చెప్పాను. అక్కడా ఇదే బాధట. పేదలకు ప్రభుత్వమిచ్చే స్నాప్, విక్ అనే ఆహార పథకాల సాయంతో తిండి కొనుక్కోవచ్చు గానీ డైపర్లు కొనడానికి లేదు. అందుకే డైపర్లు సేకరించి లేనివాళ్లకు పంచే డైపర్ బ్యాంకులు పెట్టుకున్నారు. 2011లో వాటన్నిటికీ కలిపి దేశమంతటికీ ఒక నెట్‌వర్క్ కూడా ఏర్పడింది. "మనింట్లో మిగిలిపోయిన పాకెట్లు ఉంటాయి కదక్కా, అక్కడ మొదలుపెట్టు" అంది.

నిజమే. పైగా దీపావళికి అందరూ అల్మరాలు సర్దుకుంటున్నారు. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను: పిల్లలకు బిగుతై పక్కన పడేసిన డైపర్లుంటే ఇవ్వండి, పాకెట్ విప్పినదైనా పరవాలేదు. సాయంత్రానికి పదకొండు పాకెట్లు వచ్చాయి. ఎనిమిది ఎస్ సైజే! పిల్లలు త్వరగా ఎదుగుతారు కాబట్టి మిగిలేది చిన్నవే. షెడ్లలో కావలసింది ఎం, ఎల్. ఎస్‌వి బాలింతలకు దాచాను.

ఆమెకు ఎల్ పాకెట్ పట్టుకెళ్లి ఇస్తే తీసుకుంది గానీ, "ఊరికే వద్దక్కా ఎప్పుడూ. అంగడి ధర కంటే తక్కువ పడితే చాలు" అంది. అక్కడ ఆడవాళ్లు ఎటూ చీటీలు కట్టుకుంటారు. బాబు ఈడు పిల్లలున్న తల్లులు ఆరుగురు ఉన్నారట. వారానికి తలా 100 వేస్తే పెద్ద పాకెట్లు తెప్పించి పంచుకోవచ్చు, తక్కువపడిన డబ్బు మా గ్రూపు వేస్తుంది. లెక్క పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది. ఏడో తరగతి దాకా చదివిన పిల్ల, పేర్లు నా కళ్లముందే రాసింది.

ఒకటి మర్చిపోయాను. వాడినవి ఎక్కడ వేస్తారు? ఇప్పుడు పక్క ఖాళీ సైటులో పడేస్తున్నారు, కుక్కలు లాగుతున్నాయి. మా వీధి ఊడ్చే పౌరకార్మికురాలు కూడా అనంతపురం మనిషే. కాగితంలో చుట్టి, పైన ఎర్ర గుర్తు పెట్టి వేరుగా ఇస్తే తాను తీసుకుంటానంది. విడిగా వస్తే వట్టి చేతులతో ఏరాల్సి వస్తోందని తన వేళ్లు చూపించింది. పాత పేపర్లు కట్ట కట్టి పెట్టాను, రేపు పాకెట్లతో పాటే పంపాలి.

ఇక మా అపార్ట్‌మెంట్ మేడ సంగతి. లిఫ్ట్ గది పక్కన రేకు కప్పిన చోటు ఖాళీగానే ఉంది, గాలి బాగా కొడుతుంది. అక్కడ నాలుగు తీగలు కడితే ఆమె చీర ముక్కలు ఒక్క పూటలో ఆరతాయి. పగలు గుడ్డలు, పనికొచ్చేటప్పుడూ రాత్రీ డైపర్ అయితే బాబు ఒళ్లు కూడా మానుతుంది. సెక్రటరీ గారు ఒప్పుకోవాలి. బయటివాళ్ల బట్టలు మేడ మీద ఏమిటండీ అంటారేమో. పండగ కదా, రేపు అరిసెలు పట్టుకెళ్లి అడుగుతాను. కాదంటే మా బాల్కనీలో రెండు తీగలు ఉన్నాయి.