త్రీ నాట్ త్రీ

దొంగతనానికి నేను ఉరిశిక్ష వేసిన రోజున నా చెవుడు బయటపడింది.

ఎల్‌ఎల్‌బీ మొదటి ఏడాది, క్రిమినల్ లా క్లాసు. "థెఫ్ట్ ఏ సెక్షన్?" అని మేడమ్ అడిగారట. నాకు "డెత్" అని వినపడింది. ఠక్కున అటెన్షన్‌లో లేచి "వన్ నాట్ త్రీ మేడమ్" అన్నాను. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 103 హత్యకు. ఉరో, యావజ్జీవమో. దొంగతనం 303. త్రీ నాట్ త్రీ అంటే పాత రైఫిల్, మిలట్రీవాడు మరిచిపోయే నంబరా! వెనక బెంచీ నుంచి ఎవరో ఏదో అన్నారు, క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. "పర్సు కొట్టేసినవాణ్ని అంకుల్ ఉరి తీసేశాడు" అన్నారని తర్వాత పక్కబ్బాయి చెబితే తెలిసింది.

మా గిద్దలూరు వైపు మిలట్రీకి వెళ్లడం కొత్తేం కాదు. నేను ఆర్టిలరీలో 17 ఏళ్లు చేసి, హవల్దార్‌గా పెన్షన్ వచ్చాను. రాజస్థాన్ ఇసుకలో ఫైరింగ్ అంటే రోజంతా గన్ పక్కనే. ఇయర్ ప్లగ్గులు ఉండేవి. ఆర్డర్లు సరిగా వినపడవని తీసి జేబులో వేసుకునేవాణ్ని. ఏటా మెడికల్‌లో 'షేప్ వన్', అంటే పూర్తి ఫిట్ అని రావాలి, ఆ షేప్‌లో హెచ్ అంటే హియరింగే. కేటగిరీ పడిపోతే ప్రమోషన్ పోతుందని భయం. అందుకే వెనక నిలబడి గుసగుసగా చెప్పే అంకెల్ని సగం విని, సగం ఊహించి గట్టెక్కేవాణ్ని. తప్పు నాదే.

వినపడకపోవడం కన్నా రాత్రిళ్లు వినపడేది నన్ను ఎక్కువ ఏడిపించింది. లైటు ఆర్పగానే చెవుల్లో కీచురాళ్ల రొద మొదలయ్యేది. తెల్లవారుజామున ఎప్పుడో నిద్ర పట్టేది. పొద్దున క్లాసులో లెక్చరర్ పెదవులు కదులుతుంటే నా కళ్లు మూతలు పడేవి. నెలన్నర కాలేజీ మానేశాను. "ఏమండీ, బార్డర్‌లో భయపడనివాళ్లు పిల్లలు నవ్వితే పారిపోతారా?" అంది మా ఆవిడ. అది కూడా రెండుసార్లు చెప్పించుకున్నాను.

మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో రిఫరల్ రాయించుకుని ఆడియోమెట్రీకి, అంటే వినికిడి పరీక్షకి వెళ్లాను. గాజు గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, 'కీ'మన్నప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు ఏమీ రాలేదు. మిషన్ పాడైందేమో అనుకున్నాను. గ్రాఫులో గీత 4000 హెర్ట్జ్ దగ్గర బావిలోకి దిగినట్టు దిగిపోయింది. గన్ను మోతకు లోపలి చెవిలో సన్నటి రోమకణాలు చచ్చిపోయాయట, మళ్లీ మొలవవట. స, ష, ఫ లాంటి పలుచటి శబ్దాలు అందుకే జారిపోతున్నాయి. అందని శబ్దం చోట మెదడే రొద పుట్టిస్తుందని చెప్పింది ఆడియాలజిస్ట్ అమ్మాయి. రాత్రి పూర్తి నిశ్శబ్దం వద్దు, చలికాలమైనా ఫ్యాన్ వేసుకోమంది.

చెవి మెషిన్లు పెట్టుకున్న మొదటి వారం నరకం. బస్సు హారన్లు, స్టీలు గిన్నెలు, కుక్కర్ విజిల్ అన్నీ నేరుగా బుర్రలోకే. తీసి డబ్బాలో పెట్టేద్దామనుకున్న రోజునే వంటింట్లోంచి చిటపట వినపడింది. ఏమిటా అని వెళ్లి చూస్తే తిరగమాతలో ఆవాలు. ఆవాలు అంత గట్టిగా పేలతాయన్న సంగతే మరిచిపోయాను.

రొద ఇప్పటికీ ఉంది. ఫ్యాన్ వేసుకుంటే నిద్ర పడుతోంది. కాలేజీలో మొదటి బెంచీకి మారాను. అయినా ఒక్కోసారి ముక్క జారిపోతుంది. పిల్లలైతే "రిపీట్ ప్లీజ్" అని ఇట్టే అడిగేస్తారు. నాకు నోరు వచ్చేది కాదు. వైర్‌లెస్‌లో వినపడకపోతే మేం "సే అగైన్" అనాలి. గన్నర్ల భాషలో 'రిపీట్' అంటే అదే టార్గెట్ మీద మళ్లీ ఫైర్ చేయమని!

మొన్న ఎవిడెన్స్ క్లాసులో "సే అగైన్ మేడమ్" అనేశాను. ఆమె నవ్వి, బోర్డు వైపు తిరగకుండా నా వైపే చూస్తూ మళ్లీ చెప్పారు.